మేం కట్టే గ్రంథాలయం పన్ను గ్రంథాలయానికే చేరేలా చూడండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మీ శాఖ అనగానే అందరికీ బడులు, టీచర్లు, డీఎస్సీ గుర్తొస్తాయి గానీ ఊళ్లలో ఉన్న ప్రభుత్వ లైబ్రరీలు కూడా మీ కిందకే వస్తాయి, వాటి గురించి గట్టిగా అడిగేవాళ్లు నాకైతే కనపడట్లేదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నానండీ. మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. చిన్నప్పట్నుంచీ మా ఊరి శాఖా గ్రంథాలయంలో మెంబర్ని, నేను పదో తరగతి తర్వాత చదువుకున్నదంతా అక్కడ చదువుకున్నదే.

ముందు డబ్బు సంగతి చెప్తాను సార్, ఎందుకంటే లైబ్రరీ గురించి ఎవర్ని కదిపినా మొదట వచ్చే మాట ఫండ్స్ లేవండీ అనే. ఎందుకు లేవు? ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. ఇంటి పన్ను, నీళ్ల పన్ను, లైటింగు అని రాసిన వరసలోనే గ్రంథాలయం పన్ను అని కూడా ఒక లైను ఉంటుంది. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. అంటే 1,500 ఇంటి పన్ను కట్టేవాళ్లు దాని మీద ఇంకో 120 లైబ్రరీ కోసమని కడుతున్నారు. జన్మలో లైబ్రరీ గడప తొక్కనివాళ్లు కూడా కడుతున్నారు. ఇది ఎవరో దయతలచి ఇచ్చే గ్రాంటు కాదు, 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఈ డబ్బు వసూలు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ అయినా అది చేరాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకి. కానీ ఏటా పేపర్లో అదే వార్త, ఫలానా మున్సిపాలిటీ గ్రంథాలయ సంస్థకి ఇంత బాకీ, ఫలానా పంచాయతీలు ఇంత బాకీ అని. మేం బాకీ లేం కదండీ, మా దగ్గర ముక్కు పిండి వసూలు చేశారు కదా, మరి మధ్యలో ఆ డబ్బు ఎక్కడ ఆగిపోతోంది? పంచాయతీలకి కూడా ఇబ్బందులు ఉంటాయి, కరెంటు బిల్లులు, పారిశుద్ధ్యం వాళ్ల జీతాలు అన్నీ చూసుకోవాలి, అది నాకు తెలుసు, కానీ ఒక పని పేరు చెప్పి తీసుకున్న డబ్బు ఇంకో పనికి వాడటం తప్పే.

దీనికి పెద్ద పెద్ద కమిటీలు అక్కర్లేదు సార్. ఇప్పుడు పన్నులు చాలామంది ఫోన్లోనే కట్టేస్తున్నారు. కట్టిన నిమిషంలోనే ఆ ఎనిమిది పైసలు విడిపోయి నేరుగా గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడేట్టు పెట్టించండి. పాత బాకీలకి వాయిదాలు పెట్టండి, కొత్త బాకీ మాత్రం పుట్టకూడదు. పంచాయతీరాజ్, మున్సిపల్ శాఖలు మీవి కాకపోవచ్చు గానీ ఆ మంత్రుల పక్కన కూర్చుని మాట్లాడాల్సింది మీరే.

ఇక లైబ్రరీ ఎలా ఉందో చెప్తాను. మా అన్నయ్య కూతురు మొన్న మెగా డీఎస్సీకి చదివింది. 16,347 పోస్టులు అని నోటిఫికేషన్ పడగానే మా లైబ్రరీకి ఎప్పుడూ రానంత మంది పిల్లలు వచ్చారు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చేవాళ్లు, బీఈడీ చేసి పెళ్లయి చంటిపిల్లల్ని అమ్మ దగ్గర వదిలి వచ్చిన ఆడపిల్లలు కూడా ఉన్నారు. మా లైబ్రరీ పొద్దున ఎనిమిదింటికి తీస్తారు, పదకొండుకి మూసేస్తారు. మళ్లీ సాయంత్రం నాలుగింటికి తీసి ఏడింటికి మూస్తారు. ఆ మధ్యలో ఐదు గంటలు పిల్లలు ఎక్కడికి పోవాలి? ఊళ్లో వాళ్లయితే ఇంటికి పోతారు, బయట నుంచి వచ్చినవాళ్లు ఎండలో పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని, బాక్సులో తెచ్చుకున్న అన్నం అక్కడే తిని, అక్కడే చదువుకునేవాళ్లు. ఆడపిల్లలకి బాత్రూం లేదు. లైబ్రరీలో ఉన్నదానికి నీళ్లు రావు, అది కాస్తా సామాన్ల గది అయిపోయింది. మా మేనకోడలు పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా ఉండేది, ఎందుకే అంటే ఏం చెప్తుంది.

డబ్బున్నవాళ్లు టౌనుకి వెళ్లి ప్రైవేటు స్టడీ హాల్లో నెల నెలా ఫీజు కట్టి ఏసీలో కూర్చుని చదువుకుంటున్నారు. మంచిదే. లేనివాళ్లకి ఉన్నది ఈ గది ఒక్కటే కదా సార్, అది కూడా సగం రోజు తాళమే.

పోనీ లోపల పుస్తకాలున్నాయా అంటే, మా మేనకోడలు బీరువాలోంచి తీసిన జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఆంధ్రప్రదేశ్‌కి 23 జిల్లాలు అని ఉంది. రాష్ట్రం విడిపోయింది 2014 లో, 13 జిల్లాలు 26 అయ్యింది 2022 లో. ఆ పుస్తకం చదివి పరీక్ష రాస్తే ఆ పిల్ల గతేంటి? దాని పక్కన సైన్స్ పుస్తకం అట్ట ఊడిపోయి కాలికో గుడ్డ వేసి కుట్టారు, ఆ కుట్టు మా పాత లైబ్రేరియన్ గారిది, ఆయన రిటైరయ్యాక ఆ పోస్టు అలాగే ఉండిపోయింది. ఇప్పుడున్న ఇన్‌చార్జి గారికి ఇంకో ఊరి లైబ్రరీ కూడా అప్పజెప్పారు, ఆయన అక్కడుంటే ఇక్కడ తాళం, ఇక్కడుంటే అక్కడ తాళం. ఆయన్ని నేను ఒక్క మాట కూడా అనను, మనిషి చేయగలిగినంత చేస్తున్నారు. పేపర్లు మాత్రం రోజూ వస్తున్నాయి, పెద్దాయనలు మెయిన్ ఒకరు, జిల్లా ఎడిషన్ ఒకరు పంచుకుని చదువుకుంటారు.

కొత్త పుస్తకాలు కొనడానికి కేంద్రం వైపు నుంచి కూడా దారి ఉంది. కోల్‌కతాలో రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ అని 1972 నుంచీ ఉంది, రాష్ట్రం తన వాటా పెడితే వాళ్లు కూడా కలుపుతారు. మనం పెట్టకపోతే వచ్చేది కూడా రాదు. ఇంకో మాట, లైబ్రరీలు కొంటేనే తెలుగులో చిన్న ప్రచురణకర్తలు బతుకుతారు, ఐదొందలు కాపీలు వేసి ఇంట్లో అటక మీద పెట్టుకుంటున్న కవులూ కథలు రాసేవాళ్లూ ఎంతమందో.

అసలు ఇది మన గడ్డ మీద జరగకూడని పని సార్. 1914 లో అయ్యంకి వెంకటరమణయ్య గారు వాళ్లూ బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టేనాటికి లైబ్రరీ పన్నూ లేదు, చట్టమూ లేదు. వేటపాలెం సారస్వత నికేతనం 1918 లో కుర్రాళ్లు మొదలుపెట్టింది, 1929 లో గాంధీ గారొచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. మా జిల్లాలోనే 1935 లో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలవలో పడవ మీద పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పారు, రేవుకొచ్చినవాళ్లకి చదవడానికి ఇచ్చారు. తెల్లోడి రాజ్యంలో సర్కారు సొమ్ము కోసం చూడకుండా వాళ్లు అంత చేస్తే, మన రాజ్యంలో మనమే పన్ను కట్టి కూడా బీరువాలో 23 జిల్లాల పుస్తకం చూడాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంది, కోపంగా కూడా ఉంది.

నేను అద్దాల భవనం అడగట్లేదు. పరీక్షల సీజన్లోనైనా పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా తీసి ఉంచండి, దానికి ఇంకో మనిషిని ఇవ్వండి, ఆడపిల్లలకి నీళ్లు వచ్చే బాత్రూం కట్టించండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు అని ప్రతి లైబ్రరీలో సభ పెట్టి పిల్లలకి వ్యాసరచన పోటీలు పెడతారు కదా, పెట్టండి, పిల్లలకి సరదా. ఈసారి దాంతోపాటు ప్రతి లైబ్రరీ గోడ మీద ఒక బోర్డు రాయించండి: ఈ ఊరి జనం ఈ ఏడాది గ్రంథాలయం పన్ను ఎంత కట్టారు, అందులో గ్రంథాలయ సంస్థకి ఎంత చేరింది, దాంతో ఏ పుస్తకాలు కొన్నారు. మా ఊళ్లో రాసేవాళ్లు లేకపోతే పెయింటూ బ్రష్షూ నేనే తెస్తాను, లెక్కలు మాత్రం మీ శాఖ పంపించాలి.

ఇట్లు,
గుంటూరు జిల్లా నుంచి ఒక శాఖా గ్రంథాలయం మెంబరు