సెస్సు వసూలైన చోటే కార్మికుల నమోదు జరగాలి

సంపాదక మహాశయులకు,

భవన నిర్మాణ కార్మికుల కోసం పార్లమెంటు 1996లో చేసిన రెండు చట్టాలు, అంటే పని పరిస్థితులను, సంక్షేమాన్ని నిర్దేశించేది ఒకటి, నిర్మాణ వ్యయంపై సెస్సు (కార్మికుల సంక్షేమానికే కేటాయించే ప్రత్యేక పన్ను) వసూలుకు ఉద్దేశించినది మరొకటి, ఎంత అధ్వానంగా అమలయ్యాయో తెలియాలంటే సుప్రీంకోర్టు 2018 మార్చి 19న ఇచ్చిన తీర్పు చదివితే చాలు. 2006 నాటి పిటిషన్‌పై జస్టిస్ మదన్ బి. లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తా వెలువరించిన ఆ తీర్పు ప్రకారం, అప్పటికి దేశమంతటా 37,400 కోట్ల రూపాయలకు పైగా సెస్సు వసూలు కాగా ఖర్చయింది సుమారు 9,500 కోట్లే. ఆ ఖర్చులో ల్యాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కూడా ఉన్నాయని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ కోర్టుకు తెలిపింది. ఇటుకలు మోసే మనిషికి వాషింగ్ మెషీన్ ఏ అవసరం తీరుస్తుందో కొన్నవారే చెప్పాలి.

కాలపరిమితి పెట్టి కార్మికులను నమోదు చేయాలని, ఏ రాష్ట్రానికి వెళ్లినా చెల్లే గుర్తింపు కార్డులు ఇవ్వాలని, సామాజిక తనిఖీ జరపాలని కోర్టు ఆదేశించింది. అయినా చిక్కు నమోదు దగ్గరే ఉండిపోయింది; నమోదైతేనే సెస్సు నిధి నుంచి సాయం అందుతుంది. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, గడచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసినవారే నమోదుకు అర్హులు. ఆ తొంభై రోజులకు సాక్ష్యం ఎవరిస్తారు? పొద్దున్నే అడ్డా మీద నిలబడి రోజుకొక మేస్త్రీ వెంట వెళ్లే కూలీకి, పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో హైదరాబాద్ వచ్చి సెంట్రింగ్ పని చేసుకునేవాడికి అసలు యజమాని ఎవరో తెలియదు. తెలిసినా, రేపు ప్రమాదం జరిగితే పరిహారం తన మెడకు చుట్టుకుంటుందన్న భయంతో ఆయన సంతకం పెట్టడు.

ఈ లోపం ఎంత దూరం పోతుందో ఢిల్లీలో చూశాం. 2024లో కాలుష్యం వల్ల నిర్మాణాలు ఆపించినప్పుడు, పని కోల్పోయినవారికి సెస్సు నిధి నుంచి భృతి ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఢిల్లీ ప్రభుత్వం 90,693 మందికి రెండేసి వేలు ఇచ్చి ఊరుకోగా, మిగతా ఆరేసి వేలు కూడా చెల్లించాలని కోర్టు ప్రధాన కార్యదర్శినే నిలదీసింది. అంత గట్టిగా పట్టుకున్నా ఆ లెక్కలోకి వచ్చింది నమోదైనవారే.

మన రెండు రాష్ట్రాల్లో భవన అనుమతి సమయంలోనే ఈ సెస్సు కట్టించుకుంటున్నారు. స్థలం ఎక్కడ, యజమాని ఎవరు, నిర్మాణం ఎంత అన్నది ఆ దరఖాస్తులోనే ఉంటుంది. డబ్బు తీసుకోవడానికి సరిపోయిన ఈ వివరాలు, అదే స్థలానికి ఒక అధికారిని పంపి కూలీల పేర్లు రాయించడానికి ఎందుకు సరిపోవో నాకు అంతుపట్టదు. పాత సెస్సు చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ సెస్సు, తొంభై రోజుల నిబంధన రెండూ కొనసాగుతున్నాయి కనుక, చట్టం మారింది కదా అని వదిలేయడానికి వీల్లేదు.

మొత్తం ఎంతమంది నమోదయ్యారన్న లెక్కతో ప్రభుత్వాలు కోర్టుల్లో దాఖలు చేసే అఫిడవిట్లను ఇక అంగీకరించకుండా, అనుమతి పొందిన ఒక్కో పెద్ద నిర్మాణం వారీగా వసూలైన సెస్సును, అక్కడ నమోదైన కార్మికుల సంఖ్యను పక్కపక్కన పెట్టి చూపాలని ఉభయ రాష్ట్రాల హైకోర్టులు కార్మిక శాఖలను అడగాలి. హాజరు పట్టీ సమర్పించని బిల్డర్‌కు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (పూర్తయిన భవనంలో నివాసానికి ఇచ్చే అనుమతి పత్రం) నిలిపివేసేలా నిబంధన తెస్తే, సంతకం కోసం కూలీ మేస్త్రీ చుట్టూ తిరగవలసిన అవసరం ఉండదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హనుమకొండ