ఆరోగ్య మంత్రి గారికి ఐదో ఉత్తరం

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది ఐదో ఉత్తరం. మొదటి నాలుగూ రిజిస్టర్ పోస్టులో పంపాను. నాలుగింటికీ మీ పేషీ ముద్ర పడిన కార్డులు తిరిగొచ్చాయి, కాబట్టి అందలేదని అనడానికి లేదు. ఆ కార్డులు కాక ఇంతవరకు నాకు వచ్చింది ఒక ఫోనూ, ఒక కాగితమూ. ఈసారి నలుగురికీ కనబడేలా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. కవర్లో పెట్టి పంపితే ఏమవుతుందో నాలుగుసార్లు చూశాను.

ముందు ఫోన్ సంగతి. రెండో అర్జీ పంపిన నెలన్నరకి ఒకాయన చేశారు. మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, మీరు కన్వర్షన్ మీద కంప్లయింట్ ఇచ్చారు కదా, అది మాకు ఫార్వర్డ్ అయింది. మీ అబ్బాయిని ఏ మతం నుంచి ఏ మతంలోకి మార్చారు?" అని అడిగారు. మతం కాదండీ, మావాడు మగపిల్లల్నే ఇష్టపడతాడు, అది మాన్పిస్తామని 40 రోజులు పెట్టుకున్నారు అన్నాను. అటునుంచి కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. "అయితే మతం మారలేదన్నమాట" అన్నారు చివరికి. మారలేదన్నాను. "అలాగైతే మా దగ్గరకి రాదమ్మా" అని పెట్టేశారు. అర్జీ పైన 'కన్వర్షన్ థెరపీ' అని రాశాను. మీవాళ్లు మొదటి మాట చదివి ఫైలు పక్క శాఖకి తోసేశారు. రెండో మాట కూడా చదివి ఉంటే మీ బల్ల మీదే ఉండేది.

కాగితం ఇంకా గొప్పది. ఒకటే వాక్యం: "జతపరచిన ప్రతి స్పష్టంగా లేదు, చదవడానికి వీలైన ప్రతి పంపగలరు." ఆ ప్రతి ఏమిటో మీకు చెప్పాలి.

నేను 31 ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. చూచిరాతలు ఎన్ని దిద్దానో లెక్కలేదు. మావాడిని ఉంచిన శిబిరంలోనూ చూచిరాతే. రోజుకో పేజీ, నోట్‌బుక్కు వాళ్లే ఇస్తారు. "నేను మారుతున్నాను" అని పై గీత నుంచి కింది గీత దాకా రాయాలి. రాశాక అక్కడి పెద్దమనిషి ఎర్ర సిరాతో టిక్కు పెట్టి కింద తేదీ వేస్తాడు. టిక్కు పడితేనే రాత్రి భోజనం. మొదటి వారం పేజీల్లో అక్షరాలు గుండ్రంగా, నేను నేర్పినట్టే ఉన్నాయి. 15, 16 పేజీలకి తలకట్లు పోయాయి. 27వ పేజీలో పైన ఐదు వరుసలు మాటలు, తర్వాత అంతా వంకర గీతలు. రాస్తున్నట్టు చెయ్యి కదిలించాడంతే. అయినా కింద టిక్కు ఉంది, తేదీ ఉంది. ఆ పెద్దమనిషి చదవకుండానే పెట్టాడు. నేను ప్రతి అర్జీకీ జతచేసింది ఆ పేజీ జిరాక్సే. స్పష్టంగా లేదన్నారు. లేదండీ. అందుకే పంపాను.

వాడిని ఎవరూ ఎత్తుకెళ్లలేదు. నేనే తీసుకెళ్లాను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, పోలీస్ స్టేషన్లో నన్ను అడిగిన మొదటి ప్రశ్నే అది: "మీరే తీసుకెళ్లి మీరే కంప్లయింటా?" వాడికప్పుడు 19. ఇంట్లో తెలిసిన రోజు నుంచి మా ఆయన భోజనం దగ్గర వాడితో మాట్లాడటం మానేశారు. నేను మొక్కని దేవుడు లేడు. గుడిలో ప్రదక్షిణలు, దర్గాలో తాయెత్తు, తెలిసినావిడ వెంట ఉపవాస ప్రార్థన, అన్నీ అయ్యాయి. వాటివల్ల వాడికి ఏ హానీ జరగలేదు, నాకు కాస్త నిద్ర పట్టింది, అంతే. ఆ తర్వాత ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాం. 'మగతనం' పెరగడానికని ఆరు వారాలు ఇంజెక్షన్లు పొడిచాడు. లాభం లేదనుకున్నాక "మందుకి లొంగట్లేదమ్మా, ఇక దైవమే" అని ఆ శిబిరం అడ్రసు ప్రిస్క్రిప్షన్ వెనకే రాసిచ్చాడు. ఇలాంటి వైద్యం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని జాతీయ వైద్య కమిషన్ 2022 ఆగస్టు 25న రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లన్నిటికీ లేఖ రాసింది కదా. ఆ చీటీ నాటికి ఆ లేఖ వచ్చి ఏడాది. డాక్టరు గారి చెవిన పడినట్టు లేదు.

ఆ లేఖ కూడా ఊరికే రాలేదు. 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ గారు ఇలాంటి వైద్యం ఆపించాలని గట్టిగా చెబితే, ఆ తర్వాత ఏడాదికి పైగా పట్టింది. అయినా అది డాక్టర్లకు రాసిన లేఖ. రిజిస్ట్రేషన్ ఉన్నవాడికే రిజిస్ట్రేషన్ పోతుందన్న భయం. శిబిరం పెద్దమనిషికి పోవడానికి ఏముంది? ఆయన డాక్టరు కాడు, సైకాలజిస్టు కాడు, ఎందులోనూ చేరలేదు. దేవుడు పిలిచాడట, వచ్చాడట.

ఆ తర్వాత నేను తిరిగిన గుమ్మాలు చెబితే మీకు విసుగు, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. డాక్టరు మీద ఫిర్యాదు 'విచారణలో ఉంది'. ఎప్పుడు అడిగినా అదే మాట, క్యాసెట్ పెట్టినట్టు. వినియోగదారుల ఫోరానికి వెళ్దామంటే లాయరు గారు రసీదు చూసి పెదవి విరిచారు. మేము కట్టింది ఫీజు కాదట, విరాళమట, రసీదు మీద అలాగే ఉంది. మానసిక ఆరోగ్య విభాగంలో అయితే ఒకావిడ చట్టం పుస్తకం తీసి మరీ ఓపిగ్గా చెప్పారు. మానసిక ఆరోగ్య కేంద్రం అంటే జబ్బున్నవాళ్లని ఉంచే చోటు. మీవాడికి జబ్బు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. జబ్బు లేనివాడిని ఉంచిన చోటు మానసిక ఆరోగ్య కేంద్రం కాదు, కాబట్టి మా పరిధి కాదు. అంతా చట్టప్రకారమే చెప్పారు పాపం. అంటే మావాడికి నిజంగా పిచ్చి ఉండుంటే వాడిని కాపాడటానికి 2017 నాటి చట్టం ఉంది. లేదు కనక ఏమీ లేదు. అదే చట్టం సెక్షన్ 3లో, చుట్టూ ఉన్నవాళ్ల మత విశ్వాసాలకు ఒదగలేదని ఎవరికీ మానసిక రోగి ముద్ర వేయకూడదని రాసుంది. ముద్ర వేయకూడదు, సరే. ముద్ర వేయకుండానే గేటుకి తాళం వేస్తే?

చివరికి మీ శాఖలోనే ఒక అధికారి నాతో మనసులో మాట అనేశారు. "అమ్మా, ఇది మతానికి సంబంధించిన వ్యవహారం. మత స్వేచ్ఛ అంటారు, రేపు ఊరేగింపులు తీస్తారు. ఎవరు ముట్టుకుంటారు?"

అందుకే ఆ శిబిరం ఏ మతం వాళ్లదో నేను ఏ అర్జీలోనూ రాయలేదు, ఇక్కడా రాయను. ఈ కథ విన్న ప్రతివాళ్లూ మొదట అడిగేది అదే. మతం పేరు చెప్పిన మరుక్షణం నా కొడుకు గొడవ ఎవరో ఒకరి ఎన్నికల గొడవ అయిపోతుంది. 40 రోజుల లెక్క మన దగ్గర ప్రతి మతంలోనూ ఉంది, కాబట్టి దాన్నిబట్టి ఊహించే శ్రమ కూడా పడకండి.

మత స్వేచ్ఛ అన్నారు కనక దాని గురించే మాట్లాడుకుందాం. నేను పొద్దున్నే దీపం పెట్టందే కాఫీ తాగను. నా పూజ మీదికి పోలీసులు వస్తారంటే ముందు నేనే రోడ్డెక్కుతాను. అయితే రాజ్యాంగంలో 25వ అధికరణం మొదటి వాక్యంలోనే ప్రజా శాంతికి, నైతికతకి, ఆరోగ్యానికి లోబడి అని ఉంది. ఆరోగ్యానికి అన్న మాట మీ శాఖ కోసం పెట్టిందే కదండీ. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఏం జరిగిందో మీకు తెలుసు. దర్గా మహిమతో నయమవుతుందని తీసుకొచ్చినవాళ్లని గొలుసులతో కట్టేసి ఉంచిన పాకకి నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. అప్పుడు అలాంటి చోట్లు మూయిస్తుంటే మత స్వేచ్ఛ అడ్డం రాలేదు. గొలుసు వేయడం నిషేధమని ఇప్పుడు చట్టంలోనే ఉంది. 28 మంది పోయాక వచ్చిన ధైర్యం ముందే రాకూడదా?

ఆ ఫోన్ చేసినాయనకి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలి. మతమార్పిడి మీద ఈ దేశంలో చట్టాలు కొత్తవి కావు. ఒడిశా 1967లో తెచ్చింది, మధ్యప్రదేశ్ 1968లో. వాటి గురించి నా అభిప్రాయాలు వేరు, ఇప్పుడొద్దు. కానీ ఆ చట్టాలు సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1977లో ఏమన్నారు? నీ మతం గురించి చెప్పుకునే హక్కు నీకుంది, ఎదుటివాడిని మార్చే హక్కు మాత్రం లేదు, ఎందుకంటే వాడికీ అంతరాత్మ ఉంది. బలవంతంగానో, ఆశ చూపో, మోసంతోనో మనిషి దేవుణ్ణి మారిస్తే నేరం. మరి అవే మూడూ చేసి మనిషినే మారుస్తామంటే? ఫోను లాక్కుని గేటు మూసింది వాళ్లు. మారి వస్తే బండి కొనిస్తానని ఆశ పెట్టింది మా ఆయన. 40వ రోజున 'స్వస్థుడయ్యాడు' అని కాగితం ఇచ్చింది మళ్లీ వాళ్లు. మీ వాళ్లకి మూడింట్లో ఏది చాలదో చెప్పమనండి.

భక్తులకి భయాలున్నాయి, అవి అబద్ధం అనను. మా బంధువుల్లోనే ఒకాయన అడిగారు, రేపు గుళ్లోనో చర్చిలోనో మసీదులోనో ఇది పాపం అని చెబితే జైల్లో వేస్తారా అని. న్యూజిలాండ్ వాళ్లు 2022లో కన్వర్షన్ థెరపీని నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు దీన్ని విడిగా రాసుకున్నారు: తన నమ్మకం ఏమిటో చెప్పడం నేరం కాదు, ఎదుటివాడిని మార్చాలనో అణచాలనో పూనుకుంటేనే నేరం. అదేమంత అందని విషయం కాదు. పాపమని ఆయన్ని అననివ్వండి. నేను వినను, మావాడు వినడు, ఆయన అనుకుంటూ ఉంటాడు. పెళ్లొద్దు, దేవుడి సేవలో ఉంటానని తనంతట తాను నిర్ణయించుకునేవాడి జోలికీ వెళ్లొద్దు. కొడుకు కోసం తల్లి దండం పెట్టుకుంటే దాని జోలికీ వద్దు. నేను అడుగుతున్నది తాళం గురించి, ఇంజెక్షన్ గురించి, ఆ నోట్‌బుక్కు గురించి.

ఇంకొకటి మాత్రం నాకు కూడా తేలిగ్గా తెగలేదు. శిబిరంలో చేరేటప్పుడు "నా ఇష్టపూర్వకంగా" అని మావాడు సంతకం పెట్టాడు. పెద్దవాడు, సొంత నిర్ణయం, అంటారు కదా. ఆ సంతకం పెట్టేటప్పుడు పక్కన నేను ఉన్నాను, పమిట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ. అది ఇష్టమా? ఆవేళ నేను నవ్వుతూ ఉంటే వాడు పెట్టేవాడా? కెనడాలో 2022లో అమల్లోకి వచ్చిన చట్టం ఏ వయసువాళ్లకైనా, ఒప్పుకున్నా సరే, కుదరదంది. కొన్ని దేశాలు ప్రధానంగా పిల్లల వరకే ఆపాయి. మీరు ఎప్పటికైనా బిల్లు తెస్తే, 18 దాటినవాళ్లు వాళ్ల ఇష్టం అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోకండి. మన ఇళ్లల్లో 30 ఏళ్లవాడు కూడా అమ్మ ఏడిస్తే సంతకం పెడతాడు.

కాబట్టి చట్టం తెండి. డాక్టరైనా కాకపోయినా, కాషాయమైనా తెల్లదైనా పచ్చదైనా, అందరికీ వర్తించేలా తెండి. అది మీ చేతిలో లేదంటే ఎవరి చేతిలో ఉందో చెప్పండి, అక్కడికీ రాస్తాను. ఈలోగా ఆ శిబిరానికి ఒక్కసారి ఎవరినైనా పంపండి. ఇప్పుడు కూడా అక్కడ ఎవరి పిల్లలో రాస్తూ ఉన్నారు. నా కేసు తేల్చండి అని కూడా అడగట్లేదు, అది తేలదని నాకు అర్థమైంది. వెళ్లి గేటు తీయించండి చాలు. తప్పకుండా పంపండి. దయచేసి పంపండి.

మావాడు ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆదివారం ఫోన్ చేస్తాడు. తిన్నావా అంటే తిన్నాను అంటాడు. వాళ్ల నాన్నతో కూడా మాట్లాడుతున్నాడు, క్రికెట్ గురించే అనుకోండి. పెన్ను మాత్రం పట్టుకోడు. బ్యాంకులో ఫారం ఇచ్చినా పక్కవాళ్ల చేత నింపించుకుని కింద సంతకం పెడతాడు. అసలు నోట్‌బుక్కే మీకు పంపుదామనుకుని పోయినవారం వాడిని అడిగాను. "అది ఇంకా దాచావా అమ్మా?" అన్నాడు. అందుకని పంపట్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచర్

జతపరచినది: 27వ పేజీ. ఈసారి కలర్ జిరాక్స్.