పరీక్ష తరువాతి దారి మాటేమిటి? గజపతి జిల్లా నుంచి ఒడిశా ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

ఒడిశా రాష్ట్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యులకు,

అయ్యా,

నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబానికి చెందినవాణ్ణి. మా పట్టణంలోనూ, కాశీనగర్, గుణుపురం వైపు పల్లెల్లోనూ కూలీనాలీ చేసుకొని బతికేవారు క్యాన్సర్ ముందస్తు పరీక్షలకు రావడం లేదన్న మాట తరచుగా వింటున్నాను. వాళ్లకు అవగాహన లేదని తీర్మానించి, ఒక ర్యాలీ తీసి, గోడల మీద నాలుగు నినాదాలు రాయించి ఊరుకోవడం కూడా మామూలైపోయింది. ఆ తీర్మానంతో నేను ఏకీభవించలేను. పరీక్షలో ఏదైనా తేలితే మరునాడు ఎక్కడికి వెళ్లాలి, వెంట ఎవరు వస్తారు, ఖర్చు ఎవరు భరిస్తారు అన్న ప్రశ్నలకు జవాబు దొరకనంతకాలం పరీక్షకు దూరంగా ఉండడమే పేదవారికి తెలివైన పనిగా తోస్తుంది. ఆ లెక్కను మార్చగల శక్తి తమ శాఖకు ఉంది గనుక ఈ లేఖ రాస్తున్నాను.

ముప్పై ఏళ్లు దాటిన అందరికీ నోటి క్యాన్సర్ పరీక్ష, స్త్రీలకు దానితోపాటు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఐదేళ్లకొకసారి చేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆశా దీదీ ఇంటింటికీ వెళ్లి ఫారం నింపడం, ఊరి ఆరోగ్య కేంద్రమైన ఆరోగ్య మందిరంలో పరీక్ష చేయడం, అనుమానం ఉంటే పెద్దాసుపత్రికి పంపడం, ఇలా కాగితం మీద ఏర్పాటు చక్కగానే ఉంది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 30–49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతం, రొమ్ము పరీక్షలోనూ, నోటి పరీక్షలోనూ అది 0.9 శాతమే. నూటికి తొంభై ఎనిమిది మంది రాని చోట తప్పంతా రానివారిదే అనడం న్యాయం కాదు.

మా ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి ఒకటి తమ దృష్టికి తేవాలి. శ్రీకాకుళం జిల్లాలోనూ, దానికి ఆనుకొని ఉన్న ఒడిశా పల్లెల్లోనూ పెద్దవయసు స్త్రీలు కొందరు చుట్టను నిప్పున్న కొస నోటిలోపల ఉండేలా పెట్టుకొని కాలుస్తారు. దీన్నే అడ్డపొగ అంటారు. 1971లో వెలువడిన ఒక అధ్యయనంలో శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మందిని పరీక్షిస్తే వారిలో నూటికి 43 మందికి పైగా అడ్డపొగ తాగేవారే. ఇప్పటి ఆడపిల్లలు ఆ అలవాటు జోలికి పోవడం లేదు గాని, ఏళ్ల తరబడి కాల్చిన అవ్వలు ఇంకా మన మధ్యనే ఉన్నారు. దేశంలో మిగతాచోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపల, నాలుక అంచున కనిపిస్తుంది. అడ్డపొగలో సెగ నేరుగా అంగిలికి తగులుతుంది గనుక మచ్చలు, పుండ్లు అక్కడే మొదలవుతాయి. ఆశా దీదీ నింపే ఫారంలో పొగ తాగుతారా, గుట్కా, ఖైనీ వాడతారా అన్న ప్రశ్న ఉంది. చుట్ట ఏ వైపు నోట్లో పెట్టుకుంటారన్న ప్రశ్న లేదు. ఈ సరిహద్దు జిల్లాల కోసం ఆ ఒక్క ప్రశ్న చేర్చి, మనిషి తల వెనక్కి వంచి అంగిలి మీద టార్చి వేసి చూడాలని సిబ్బందికి ప్రత్యేకంగా శిక్షణ ఇప్పించండి. ఇంకొక మాట. చూడబోయే ముందే చుట్ట మానెయ్యమని ఉపన్యాసం మొదలుపెడితే ఆ అవ్వ మరోసారి నోరు తెరవదు; మాన్పించే మాట పరీక్ష అయ్యాక కూడా చెప్పవచ్చు.

గర్భాశయ ముఖద్వార పరీక్ష సంగతి వేరు. పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి, ఒక నిమిషం ఆగి, తెల్లగా మారిన భాగం ఉందేమో చూసే ఆ పరీక్షను శిక్షణ పొందిన నర్సు చేయగలదు. పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. కావలసినవి తలుపు వేసుకొనే గది, మంచి వెలుతురు, మహిళా సిబ్బంది, అన్నిటికంటే ముఖ్యంగా అనుకూలమైన వేళ. నాట్లు, కోతల రోజుల్లో పగటిపూట శిబిరం పెడితే ఆనాటి కూలి పోగొట్టుకొని ఎవరు వస్తారు? కోతలు ముగిసిన పుష్య, మాఘ మాసాల్లో, లేదా సాయంకాలం పూట పెట్టించండి.

అసలు చిక్కు పరీక్షకూ చికిత్సకూ నడుమ ఉంది. ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకమైన ఆయుష్మాన్ భారత్ కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన తరువాతి ఖర్చుకు ఆసరా. చేరేలోపు కావలసిన బయాప్సీకి (చిన్న ముక్క తీసి చేసే పరీక్షకు), స్కానింగుకు, రెండు మూడుసార్లు బస్సెక్కడానికి, తోడు వచ్చినవారి కూలికి కుటుంబం అప్పు చేయవలసి వస్తుంది. మగవారు సూరత్‌కో కేరళకో వలస వెళ్లిన ఇంట్లో ఆ తోడు కూడా దొరకదు. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు మురికివాడల్లోని సుమారు లక్షన్నర మంది స్త్రీలతో జరిపిన పరిశోధనలో, పదో తరగతి చదివిన ఆరోగ్య కార్యకర్తలు పైన చెప్పిన ఎసిటిక్ ఆమ్లం పరీక్షే చేయగా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. పిలిచినవారిలో 89 శాతం మంది పరీక్షకు వచ్చారు. వాళ్లూ పేదవాళ్లే. కాకపోతే అనుమానం తేలినవారికి తదుపరి పరీక్షలు, చికిత్స ఉచితంగా ఎక్కడ దొరుకుతాయన్నది అక్కడ ముందే నిశ్చయమై ఉంది.

మనకూ దారులు లేకపోలేదు. జనని సురక్ష యోజన కింద ఆసుపత్రిలో ప్రసవించిన గ్రామీణ తల్లికి 1,400 రూపాయలు ఇస్తున్నారు. క్షయ రోగికి పోషణ కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. అదే పద్ధతిలో, క్యాన్సర్ అనుమానంతో పై ఆసుపత్రికి పంపిన మనిషికి, వెంట వెళ్లేవారికి ప్రయాణ ఖర్చు, పోయిన కూలి ముందుగానే బ్యాంకు ఖాతాలో వేయడం అసాధ్యమేమీ కాదు. ఫారం నింపినందుకు ఇచ్చే పారితోషికం కంటే, అనుమానం తేలిన మనిషిని రెండో పరీక్ష దాకా చేర్చినందుకు ఆశా దీదీకి ఎక్కువ ఇవ్వడం సబబు.

పంపే చోటు గురించి కూడా విన్నవించాలి. బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రికో, కటక్‌లోని ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థకో పంపితే మా వాళ్లలో చాలామంది వెళ్లరు. కటక్ కంటే విశాఖ మాకు దగ్గర. అక్కడ టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, అక్కడి వారి మాట మాకు తెలుస్తుంది, చాలామందికి బంధువులూ ఉన్నారు. 2025లో మన రాష్ట్రం ఆయుష్మాన్ భారత్‌లో చేరాక పొరుగు రాష్ట్రాల్లోని అనుబంధ ఆసుపత్రుల్లోనూ కార్డు చెల్లుతుందన్నారు. ఆ సంగతి ఇక్కడ ఎందరికి తెలుసు? రెఫరల్ చీటీ మీద తెలుగు కూడా ఉంటే మంచిదే గాని, చదువురాని అవ్వలకు దానివల్ల ఒరిగేది తక్కువ. పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలో తెలుగు, ఒడియా, సవర భాషలు మాట్లాడగల ఒక మనిషిని ఇదే పని మీద కూర్చోబెట్టి, విశాఖలో ఏ రోజు ఏ వైద్యుణ్ణి కలవాలో ఫోనులో ఖాయం చేయించి, అప్పుడు మనిషిని పంపించండి.

ఈ ఏర్పాటును ముందు గజపతి, రాయగడ జిల్లాల్లో మొదలుపెట్టి, ఎందరిని పరీక్షించారన్న లెక్కతోపాటు, అనుమానం తేలినవారిలో ఎందరు చికిత్స దాకా చేరారన్న లెక్కను కూడా ప్రతి మూడు నెలలకూ జిల్లా ఆసుపత్రి నోటీసు బోర్డు మీద పెట్టించవలసిందిగా తమను ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
పర్లాకిమిడి వాసి ఒకరు