డాలియా దుంపలు దాచేవాళ్లకి
గ్రూపులో అందరికీ నమస్కారం. ఎండలు ముదిరాయి, డాలియా ఆకులు పసుపెక్కుతున్నాయి కదా, నీళ్లు ఆపేయండి. బెంగళూరులో మంచు గడ్డకట్టే చలి లేదు కాబట్టి దుంపకి అసలు గండం మే ఎండ, ఆ తర్వాత వాన తేమ. కుండీలోనే వదిలేస్తే వానలకి కుళ్లిపోవడం ఖాయం.

కాండాన్ని 4 అంగుళాలు ఉంచి కోయండి. కుండీని బోర్లించి మట్టిగడ్డ మొత్తంగా తీయండి. కాండం పట్టుకుని లాగారో, దుంప మెడ, అంటే కాండానికి అతుక్కునే సన్నటి భాగం, విరుగుతుంది. మెడ విరిగిన దుంప లావుగా ఉన్నా మొలవదు, ఎందుకంటే మొలక వచ్చే కన్ను ఉండేది కాండం మొదట్లోనే, దుంప ఒంటి మీద కాదు. ఇది ఆలుగడ్డ లాంటిది కాదండీ.

మట్టి దులిపి, కాండం కిందికి వచ్చేలా తలకిందులుగా 2, 3 రోజులు నీడలో ఆరబెట్టండి. కాండం లోపల బోలుగా ఉంటుంది, అందులో నీళ్లు నిలిస్తే కుళ్లు అక్కడే మొదలవుతుంది.

తర్వాత చిల్లులున్న అట్టపెట్టెలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మధ్య, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. కోకోపీట్‌ని పిడికిట్లో గట్టిగా పిండితే ఒక్క చుక్క కూడా రాకూడదు. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు, లోపల చెమటపడుతుంది.

3 వారాలకోసారి చూడండి. మెత్తబడినది కనిపిస్తే గట్టి భాగం దాకా కోసి బూడిద అద్దండి, ముడతలు పడితే కోకోపీట్ మీద కాసిన్ని నీళ్లు చిలకరించండి. సెప్టెంబరులో కన్ను ఉబ్బాక విడదీసి నాటుకోవచ్చు.