పిల్లికి పాలన్నం చాలట!

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో టారిన్ గురించి, అదే మాంసం చేపల్లో దొరికే పోషకం గురించి, వచ్చిన వ్యాసం మీద ఈ ఉత్తరం. ఇన్నాళ్లకా అనకండి, గజపతి జిల్లాలో మా ఊరికి మీ పేపరు ఏ పూట దిగుతుందో మీకు తెలియంది కాదు.

శాకాహారులకు టారిన్ అందక గుండె దెబ్బతింటుందట. ఎనర్జీ డ్రింకుతో ఆ లోటు తీరుతుందట. పెంపుడు పిల్లికి మాత్రం పాలన్నం చాలట. సరిగ్గా తిరగేసి రాశారు!

మనిషి కాలేయం టారిన్‌ను తనే తయారుచేసుకుంటుంది. నీచు ముట్టనివాళ్ల రక్తంలో అది కాస్త తక్కువుంటే, మూత్రంలో పోకుండా కిడ్నీలు పట్టి ఉంచుతాయి. పిల్లికి ఆ వీలు లేదు. దాని ఒంట్లో తయారయ్యేది ఏ మూలకూ రాదు. పైగా కొవ్వు అరిగించే పిత్తరసం తయారీకి మనం గ్లైసీన్ అనే మరో పదార్థంతోనూ నెట్టుకొస్తాం, పిల్లికి టారినే కావాలి. తిండిలో లేకపోతే కొన్ని వారాల్లోనే రక్తంలో పడిపోతుంది. కళ్లు పోతాయని 1975లో, గుండె ఉబ్బి నీరసిస్తుందని 1987లో శాస్త్రవేత్తలు తేల్చారు. మీ వ్యాసకర్తకు ఇంకా కబురు అందలేదు కాబోలు.

ఇంత కోపం ఎందుకంటే, మా ఇంట్లో నీచు వండరు. కుక్కల భయానికి పిల్లిని గడప దాటనివ్వలేదు. ఎలకలు పట్టుకునే పిల్లయితే దాని టారిన్ అదే చూసుకునేది. మాది నాలుగేళ్లు పాలన్నమే తిని, ఒకరోజు ద్వారబంధానికి తల కొట్టుకుంది. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే ‘పాలిచ్చేదా?’ అని నవ్వి, ముసలితనం అన్నారు. నాలుగేళ్లకే ముసలితనం! ఇప్పుడు ఎండుచేపలు పెడుతున్నాం, పోయిన చూపు మాత్రం రాదు. తప్పు మాదే, ఒప్పుకుంటున్నా. అదే తప్పు చేయమని వేలమందికి అచ్చేసి చెప్పడం ఏమిటి?

ఇక ఆ డ్రింకులు. పావు లీటరు డబ్బాలో వెయ్యి మిల్లీగ్రాముల టారిన్ ఉంటుంది. తాగిన గంట గంటన్నరకు రక్తంలో పెరిగి, ఏడెనిమిది గంటల్లో మామూలుకొస్తుంది. ఊపు వచ్చేది అందులోని కెఫీన్ వల్ల. పిల్లలకు తగదని డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాలతో రాసే ఉంటుంది. అవే డబ్బాలు ఇక్కడ బడి గేటు పక్కన ఐస్‌పెట్టెలో అమ్ముతున్నారు. అధికారుల జీపు రోజూ ఆ దారినే పోతుంది, అద్దాలు ఎత్తి ఉంటాయనుకుంటా.

సవరణ వేస్తే మా సరిహద్దు ఎడిషన్‌లోనూ వేయండి. పోయినసారి వేసింది శ్రీకాకుళం దాటి రాలేదు.

– ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారు, గజపతి జిల్లా, ఒడిశా