'ఆయప్ప', 'ఆయమ్మ' అపభ్రంశమా?

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ ఆదివారం సంచికలో సర్వనామాల మీద వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి రాయాలా వద్దా అని ఊగిసలాడి, చివరికి కలం పట్టాను. సర్వనామాలు ఏ భాషలోనైనా కదలని పునాదిరాళ్లనీ, 'ఆయన', 'ఆమె' ఉండగా మా కడప జిల్లా వాళ్లం 'ఆయప్ప', 'ఆయమ్మ' అనడం అపభ్రంశమనీ వ్యాసకర్త తీర్పు చెప్పేశారు.

ఆ పునాదిరాయి సంగతే చూద్దాం. నన్నయ భారతంలో ధారాళంగా కనిపించే 'ఏను'కు, 'నా', 'నన్ను', 'నాకు' అనే రూపాల ఒరవడిలో నకారం వచ్చి చేరి 'నేను' అయింది. తమిళంలో పాత 'యాన్' 'నాన్' అయింది. కన్నడంలో 'ఆన్' పోయి 'నాను' నిలిచింది. మారడమే నేరమైతే వ్యాసకర్త తాను రాసిన ప్రతి 'నేను'నూ వెనక్కి తీసుకోవలసి ఉంటుంది.

మర్యాద కోసం నామవాచకాన్ని సర్వనామంగా మలుచుకోవడం రాయలసీమ కనిపెట్టిన వింతా కాదు. స్పానిష్ వారు 'మీరు' అనడానికి వాడే 'ఉస్తెద్' ఒకప్పుడు 'తమ దయ' అనే అర్థమున్న రెండు మాటల జంట. జపాను మగవాళ్లు 'నేను' అనే అర్థంలో పలికే 'బొకు'కు మూలార్థం సేవకుడు. అధికారుల ముందు చేతులు కట్టుకుని మనం పలికే 'తమరు' కూడా 'తాము' నుంచి వచ్చిందే. మా వీధిలో పాలు పోసే ముసలామెను చూసి నా మనవడు 'ఆయమ్మ వచ్చింది' అని కేకేస్తాడు. ఆ మాటలో అమ్మ ఉంది, అమర్యాద ఎక్కడుందో వ్యాసకర్తే చూపించాలి.

దిద్దవలసినది వేరే ఉంది. 'మేము', 'మనము' అనే తేడా ద్రావిడ భాషలకు పూర్వీకుల ఆస్తి. నేటి కన్నడం దాన్ని పోగొట్టుకుంది, ఇంగ్లీషుకు అది లేనేలేదు. మా ఊళ్లో ఒక కార్యాలయం వారు 'మా నగరాన్ని మేము శుభ్రంగా ఉంచుకుందాం' అని నిలువెత్తు బోర్డు పెట్టారు. ఇంగ్లీషు వాక్యాన్ని ఏ యంత్రానికో అప్పగించి ఉంటారు. 'ఉంచుకుందాం' అనే క్రియ 'మనం' లేనిదే నిలవదని అయిదో తరగతి పిల్లవాడికైనా తెలుసు. నగరం వాళ్లదే అయితే ఊడ్చుకోవలసిందీ వాళ్లే కదా అని అడగబోతే, అక్కడి ఉద్యోగి 'అర్థమవుతుంది కదా సార్' అని ఫైలులో తల దూర్చారు.

'ఆయప్ప'ను దిద్దడానికి అర పేజీ కేటాయించిన మీ పత్రిక ఆ బోర్డు ఫొటో ఒక్కటి వేయగలదా?

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, కడప