'లిపి లేని భాష' అనకండి

సంపాదకులకు నమస్కారం.

గిరిజన భాషల మీద పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో 'లిపి లేని భాష' అన్న మాట అలవాటుగా పడిపోతోంది. అరుణాచల్ ప్రదేశ్ చాంగ్లాంగ్ జిల్లాలో విజయనగర్ వైపు ఉండే లిసు గిరిజనులను (అక్కడ యోబిన్ అంటారు; చైనా, బర్మాల్లోనూ ఉన్నారు) కూడా ఇదే గాటన కడుతున్నారు. అది తప్పు. లిసు భాషకు కనీసం మూడు లిపులున్నాయి.

ఎక్కువగా వాడేది ఫ్రేజర్ లిపి. 1915 ప్రాంతంలో సారా బా థా అనే బర్మా కరెన్ జాతి మతబోధకుడు మొదలుపెడితే, మిషనరీ జేమ్స్ ఫ్రేజర్ దాన్ని సవరించారు. చైనా ప్రభుత్వం 1992లో గుర్తించింది. ఇంగ్లిషు పెద్దక్షరాలే ఇందులో కొన్ని మామూలుగా, కొన్ని తిరగేసి ఉంటాయి. 'కె' రాస్తే క, దాన్నే తిరగేస్తే ఖ. 'పి' రాస్తే ప, తిరగేస్తే ఫ. (ఈ ఫ 'ఫ్యాన్'లోది కాదు, ప కింద ఒత్తు.) సీసపు టైపుతో అచ్చేసేవాళ్లు ఉన్న అక్షరాన్నే తలకిందులుగా పేర్చుకోవచ్చు. మన 'క'లో లాగే హల్లులోనే అకారం ఇమిడి ఉంటుంది. వేరే అచ్చు కావాలంటేనే పక్కన రాస్తారు. అందుకే 'లిసు'కు ఎల్, ఐ, ఎస్, యు నాలుగూ కావాలి.

మనకు కొత్తగా ఉండేది స్వరం. గొంతు ఎత్తు మారితే మాటే మారిపోతుంది. దానికోసం చుక్క, కామా, వాటి కలయికలతో ఆరు గుర్తులు అక్షరం తర్వాత పెడతారు. చుక్క ఇలా స్వరానికి పోయింది కాబట్టి వాక్యం చివర సమానం గుర్తులాంటి జంటగీత వస్తుంది. డీటీపీలో బోల్తాపడేది ఇక్కడే. మామూలు కీబోర్డు చుక్క కొడితే కంప్యూటర్ వాక్యం అయిపోయిందనుకుంటుంది, మాటను అక్కడే తెంపుతుంది. తిరగేసిన అక్షరాలైతే ఆ కీబోర్డులో లేనే లేవు. 2009లో యూనికోడ్ (కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే ప్రమాణం) ఈ లిపికి 48 స్థానాలు విడిగా ఇచ్చింది. అందులో స్వరపు చుక్క విరామచిహ్నం కాదు, అక్షరం. లిసు కీబోర్డు, ఆ అక్షరాలున్న ఫాంటు రెండూ పెట్టుకోవాలి. ఫాంటు లేకపోతే ఖాళీ డబ్బాలే పడతాయి. లిసు మాటను తెలుగులో రాసినప్పుడు స్వరం రాలిపోతుంది, కనుక మూల రూపాన్ని ఒక్కసారైనా పక్కన అచ్చు వేయాలి.

1957లో చైనాలో చేసిన రోమన్ లిపి ఇంకొకటి. మూడోదాన్ని అక్కడే 1920లలో యునాన్‌లోని వేయ్‌శీ ప్రాంత రైతు వాంగ్ రెన్‌బో సొంతంగా తయారుచేశాడు. క, కి, కు లాగా పలికే ఒక్కోదానికి విడిగా ఒక్కో గుర్తు చొప్పున సుమారు వెయ్యి గుర్తులు!

అలాంటి పని మా గుణుపురం ప్రాంతంలోనూ జరిగింది. 1936లో మంగెయి గమాంగో సవర భాషకు 24 అక్షరాలతో సొరాంగ్ సొంపెంగ్ లిపి చేశారు. 2012లో అదీ యూనికోడ్‌లో చేరింది. పర్లాకిమిడిలో ఉంటూ సవర వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి గారికి ఏటా ఆగస్టు 29న ప్రత్యేక పేజీలు వేసే మన పత్రికలే సవరను కూడా 'లిపి లేని భాష' అంటే మాకు కష్టంగా ఉంటుంది. ఆ భాషను ఆంధ్రా వైపు తెలుగు అక్షరాల్లో, ఇటు ఒడియా అక్షరాల్లో కూడా రాస్తున్నారు. ఏ ఊళ్లో ఏ లిపిలో రాస్తున్నారో, బడిలో పిల్లలకు ఏది నేర్పుతున్నారో మీ విలేకరులను అడిగి రాయమనండి.

– కొందరు భాషా ఉపాధ్యాయులు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా